తెల్ల చారలు మెరిస్తే చాలదు, పట్టు కూడా ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు వచ్చాయంటే చాలా ఊళ్లలో రోడ్లకు కొత్త రంగు పడుతుంది. జంక్షన్లలో జీబ్రా క్రాసింగులు, బడుల ముందు అడ్డచారలు, మలుపుల్లో బాణం గుర్తులు. రాత్రి లారీ లైటు పడితే ధగధగా మెరుస్తాయి. వాటి అసలు సంగతి జూన్‌లో తొలకరి చినుకులు పడ్డాక బయటపడుతుంది.

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణంలో నాకు సైకిల్ రిపేరు షాపు ఉంది. గుంతలో పడ్డ సైకిల్‌కీ, జారి పడ్డ సైకిల్‌కీ తేడా చూడగానే తెలిసిపోతుంది. గుంతలో పడితే ముందు రిమ్ము సొట్టపోతుంది, స్పోకులు తెగుతాయి, ఒక్కోసారి ఫోర్కు వెనక్కి వంగుతుంది. జారి పడితే చక్రాలు నిక్షేపంగా ఉంటాయి. ఒకవైపు పెడల్ కొస గీరుకుపోయి, బ్రేక్ లివరు లోపలికి వంగి, గ్రిప్పు చిరిగి, హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంటుంది. తెచ్చినవాళ్ల మోచెయ్యి కూడా అటువైపే దోక్కుపోయి ఉంటుంది. వానాకాలంలో నా దగ్గరకు ఈ రెండో రకమే ఎక్కువ. ఎక్కడ పడ్డారని అడిగితే తరచూ వచ్చే జవాబు, ‘ఆ తెల్లగీతల మీదండీ’.

గుంత గురించి పత్రికల్లో రోజూ వస్తుంది, రావాలి కూడా. గుంతకు ఫొటో ఉంటుంది. జారుడుకు ఫొటో ఉండదు. గంటలో ఎండ కాసి రోడ్డు ఆరిపోతే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. పడ్డవాడు లేచి, చుట్టూ చూసి, బట్టలు దులుపుకుని వెళ్లిపోతాడు. ఎవరూ గుద్దలేదు కాబట్టి కేసు లేదు. ఆస్పత్రికి వెళ్తే చీటీలో ‘సైకిల్ మీంచి పడ్డాడు’ అని రాస్తారు, తప్పంతా అతనిదే అన్నట్టు. సైకిల్‌కు ఇన్సూరెన్స్ కూడా ఉండదు కాబట్టి ఏ కంపెనీకీ ఆరా తీసే అవసరం రాదు. ఇలాంటి ప్రమాదాలు లెక్కల్లోకి ఎక్కవు.

ఆ తెల్లగీతల రంగు మామూలు పెయింటు కాదు, వేడికి కరిగి చల్లారితే గట్టిపడే థర్మోప్లాస్టిక్. రెసిన్, రంగుపొడి, గాజుపూసలు కలిపిన ముద్దను 200 డిగ్రీల దాకా కాచి రోడ్డు మీద పోస్తారు. కేంద్ర రవాణా శాఖ నిబంధనల ప్రకారం మందం 2.5 మిల్లీమీటర్లు. తారురోడ్డుకు పట్టు వచ్చేది కంకర గరుకుతనం వల్ల, ఆ రాళ్ల సందుల్లోకి నీళ్లు దిగిపోవడం వల్ల. ఈ ముద్ద ఆ సందులను పూడ్చేస్తుంది. గాజుపూసలు రాత్రి మెరవడానికి పనికొస్తాయి గానీ గుండ్రటి గాజు టైరును పట్టి ఆపదు. పైగా ఏటా పాతదాని మీదే కొత్తది పోస్తుంటే అది దిమ్మలా లేచి, ఆ అంచున నీళ్లు కూడా నిలుస్తాయి. కారుకు నాలుగు చక్రాలు. ఒకటి చార మీద జారినా డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. సైకిల్ ముందు చక్రం మలుపులో జారిందంటే కాలు దించేలోపే మనిషి కింద ఉంటాడు.

చారలతో అయిపోలేదు. మే నెల ఎండకు తారు పైకి తేలి నల్లగా నున్నగా తయారయ్యే చోట్లు ఉంటాయి, ముఖ్యంగా తారు ఎక్కువ పోసిన ప్యాచ్‌ల మీద. తొలివాన రోజున ఆ తారు మీద నూనె మరకలూ దుమ్మూ కలిసి ఒక జిడ్డు పొర కడుతుంది. గట్టి వాన పడితే అది కొట్టుకుపోతుంది. చిరుజల్లే ప్రమాదం. ఇక ప్యాచ్ వేసి, పైన చిప్స్ (సన్న కంకర) చల్లి, ఊడ్చకుండా వెళ్లిపోవడం గురించి చెప్పక్కర్లేదు. నాలుగు రోజుల్లో ఆ చిప్స్ అన్నీ లారీ చక్రాలకు ఎగిరి రోడ్డు ఎడమ అంచుకు చేరతాయి. సైకిల్ నడిచేది అక్కడే.

‘గీతల మీద బ్రేకు వెయ్యకండి, హ్యాండిల్ తిప్పకండి, తిన్నగా దాటండి’ అని నా షాపుకు వచ్చే పిల్లలకు నేనూ చెబుతాను. కానీ జీబ్రా చారలు ఉండేదే మలుపు తిరగాల్సిన చోట, బ్రేకు వెయ్యాల్సిన చోట. బడికొస్తా పథకం కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది. ఆ పిల్ల వీపున పుస్తకాల సంచీ, వెనక క్యారేజీ మీద చెల్లెలితో వానలో బడి గేటు దగ్గర మలుపు తిరిగేటప్పుడు మధ్యలో ఏడెనిమిది అడ్డచారలు దాటాలి. ఆ చారలు వేసింది ఆ పిల్ల భద్రత కోసమేనట!

కొలిచే సాధనం లేకపోతే ఏమో అనుకోవచ్చు. ఉంది. పెండ్యులమ్ టెస్టర్ అంటారు. మూడు కాళ్ల స్టాండు, దానికి ఊగే చెయ్యి, చెయ్యి చివర రబ్బరు ముక్క. చారను తడిపి చెయ్యి వదిలితే రబ్బరు దాన్ని రాసుకుంటూ అవతలికి లేస్తుంది. పట్టు ఎక్కువుంటే తక్కువ ఎత్తుకు లేస్తుంది, ముల్లు పెద్ద అంకె దగ్గర ఆగుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1436లో తడి చారకు పట్టు తరగతులు ఈ అంకె ప్రకారం 45 నుంచి మొదలై 65 దాకా ఉన్నాయి. మన దగ్గర కూడా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో సవరించిన రోడ్డు గుర్తుల ప్రమాణం ఐఆర్‌సీ 35 జారుడు గురించి మాట్లాడుతుంది. అంటే కాగితం మీద లోటు లేదు. కానీ పని అయ్యాక చూసేది తెలుపు, పొడవు, వెడల్పు. వాటిని టేపుతోనూ కంటితోనూ చూడొచ్చు. తడిపి చూసిన వాళ్లను నేనైతే చూడలేదు.

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో 198ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. చార మీద జారి మణికట్టు విరిగి, రెండు నెలలు ఇళ్లకు పాలు పొయ్యలేకపోయిన మనిషికి ఈ సెక్షన్ ఎందుకూ పనికిరాదు. అయినా అది ఉందన్న సంగతి కాంట్రాక్టరుకు టెండరు రోజునే గుర్తుచేస్తే మంచిది.

ఇది సైకిళ్ల గొడవే కదా అని పక్కన పెట్టేవాళ్లకు ఒక మాట. సైకిల్‌ను పడేసే చార బైకునూ పడేస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 74,897 మంది టూవీలర్ల మీద వెళ్లేవాళ్లేనని కేంద్రం లెక్క. అందులో జారి పడ్డవాళ్లు ఎందరో విడిగా తేల్చాలంటే ముందు ఆ వివరం రాయాలి. పోలీసు రికార్డులో ‘తడి రంగు మీద జారి’ అని రాసే గడి ఒకటి ఉంటే చాలా సంగతులు బయటపడతాయి.

మున్సిపాలిటీలు, రోడ్లు భవనాల శాఖ చెయ్యాల్సింది పెద్ద ఖర్చు పనేమీ కాదు. ముద్దలో గాజుపూసలతో పాటు పలుగురాయి లాంటి గరుకు పొడి కలపమని టెండరులోనే రాయాలి. తడి చార మీద తీసిన పెండ్యులమ్ అంకె జతచేయని బిల్లు పాస్ చెయ్యకూడదు. పాత చార గీకకుండా దానిమీదే కొత్తది పొయ్యకూడదు. తారు తేలిన చోట వానలకు ముందే రాతిపొడి చల్లించాలి, ప్యాచ్ వేసినవాళ్లతోనే మిగిలిన చిప్స్ ఊడ్పించాలి.

ఇంకొకటి, బండ్ల వేగం తగ్గించడానికి రోడ్డుకు అడ్డంగా ఉబ్బెత్తుగా వేసే రంబుల్ స్ట్రిప్స్‌ను రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగకుండా ఎడమ అంచున ఒక మీటరు వదిలిపెట్టాలి. ఈ మాట ఒక ఇంజినీరు గారితో అంటే, ‘బైకులన్నీ అందులోంచే దూరతాయండీ’ అన్నారు. నిజమే, కొన్ని దూరతాయి. కానీ బడి ముందు ముఖ్యంగా నెమ్మదించాల్సినవి లారీలు, బస్సులు, కార్లు. వాటికి ఆ మీటరు సందు చాలదు.

ఇట్లు,
ఒక సైకిల్ షాపు యజమాని,
గోదావరి జిల్లాల నుంచి