రవిగాడికి, బౌల్డర్ (కొలరాడో రాష్ట్రం, అమెరికా) నుంచి

ఒరేయ్ రవీ,

ఉత్తరం చాలా ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం, చిన్నదానికి జలుబు తగ్గింది, అమ్మకి వీసా వచ్చింది, మిగతావి ఫోన్లో. నీకు చెప్పకపోతే ఊపిరాడని సంగతి ఒకటుంది.

నిన్న సరుకులకని టేబుల్ మీసా దగ్గర కింగ్ సూపర్స్‌కి వెళ్లాను. 2021 మార్చి 22న ఒకడు పదిమందిని కాల్చి చంపింది ఇక్కడే, వాళ్లలో ఒక పోలీసాయన కూడా. పాలు తీసుకుంటుంటే మా పక్కింటి పెద్దాయన కనిపించి, బండి ఓ పక్కకి నెట్టి, వెనకటి కథంతా చెప్పాడు. కడుపు రగిలిపోయింది రా.

2018లోనే ఈ ఊరి కౌన్సిల్ అసాల్ట్ తుపాకుల్నీ (సైన్యం తరహావి), ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లనీ నిషేధించిందట. తుపాకీ హక్కుల వాళ్లు కోర్టుకెక్కారు. తుపాకీ మంచిచెడ్డల జోలికి పోకుండా, 2003 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఊళ్లకి ఆ అధికారమే లేదని జడ్జి ఆ నిషేధాన్ని 2021 మార్చి 12న కొట్టేశాడు. సరిగ్గా పది రోజులకి ఈ ఘోరం!

నీకు వింతగా ఉంటుంది. మన దగ్గర తుపాకీ అంటే ఢిల్లీ వాళ్ల 1959 చట్టం, కలెక్టరో కమిషనరో ఇచ్చే లైసెన్సు, మున్సిపాలిటీని ఎవడడుగుతాడు? ఇక్కడ నలభైకి పైగా రాష్ట్రాలు ఊళ్ల చేతులు కట్టేశాయి. ఫ్లోరిడాలోనైతే తెలిసీ అలాంటి రూలు పెట్టిన నాయకుడికి సొంత జేబులోంచి 5,000 డాలర్ల దాకా జరిమానా!

ఆ కాల్చినవాడు తుపాకీ కొన్నది బౌల్డర్‌లో కాదు, ఆర్వాడా అనే వేరే ఊళ్లో. ఊరి నిషేధం ఆ కొనడాన్ని ఆపేది కాదు, నిజమే. ఊరికో రూలుంటే కారులో పోయేవాడు ఎక్కడ నేరస్థుడవుతాడో వాడికే తెలియదన్న మాటా కొట్టిపారెయ్యలేం. అయినా... రాష్ట్రం తను చెయ్యదు, చేస్తానన్నవాణ్ణి చెయ్యనివ్వదు, అదేం పద్ధతిరా? అచ్చం మన మెస్ సెక్రటరీ, ఆ గుడ్ల బీరువా తాళం: తను పెట్టడు, మనల్ని తీసుకోనివ్వడు!

అంతమంది పోయాక, ఆ జూన్‌లో కొలరాడో ఆ అడ్డు తీసేసింది. ఇప్పుడు ఊళ్లు రాష్ట్రం కంటే గట్టి రూలు పెట్టుకోవచ్చు, మెత్తనిది కుదరదు. 2022లో బౌల్డర్, పక్కనున్న లూయిస్‌విల్, సుపీరియర్ మళ్లీ నిషేధించాయి, మళ్లీ వాటిని ఫెడరల్ (కేంద్ర) కోర్టుకి లాగారు. పెద్దాయన కౌన్సిల్ ముందు లేచి ఏం మాట్లాడాడంటే... అయ్యో, పిల్లని బడి నుంచి తేవాలి, టైమైపోయింది. మిగతాది రేపు రాస్తా. వదినని అడిగానని చెప్పు.

నీ
మూర్తి