"క్రాస్ నేను చూసుకుంటాలేమ్మా"

శ్రీకాకుళం,
ఆదివారం

సుజా,

నీ మెసేజ్ చూశాను. "ఆడపిల్లలకి విడిగా క్రాస్ ఎగ్జామినేషన్ క్లాసేమిటే? సాక్ష్యాల చట్టంలో ఆడ క్రాస్, మగ క్రాస్ అని రెండున్నాయా?" అని అడిగి, పక్కన నవ్వు బొమ్మ ఒకటి పడేసి ఊరుకున్నావు. ఫోన్లో చెప్పబోతే నన్ను రెండు వాక్యాలు కూడా పూర్తి చెయ్యనివ్వవు కదా, అందుకే కాగితం మీద పెడుతున్నాను. వైజాగ్‌లో నీ ఆఫీసులో కేసుల కోసం వచ్చిన పార్టీలంతా వెళ్లిపోయాక తీరిగ్గా చదువు.

చట్టంలో రెండు లేవు, నిజమే. అవతలి పక్షం సాక్షిని నిలదీసి ప్రశ్నించడం ఎవరు చేసినా క్రాసే. తేడా అంతా పని పంచే దగ్గరే ఉంది. ఇక్కడ సీనియర్ల ఆఫీసుల్లో ఆడ జూనియర్ల చేత ఏం చేయిస్తున్నారో చూడు. వాయిదా తీసుకోవడం, మెమో వెయ్యడం, సర్టిఫైడ్ కాపీలకి అప్లై చెయ్యడం. సివిల్ దావాల్లో 2002 సవరణ తర్వాత ఛీఫ్, అంటే మన సాక్షి ముందుగా చెప్పుకునేదంతా, అఫిడవిట్టేగా? ఆ అఫిడవిట్లు ఈ పిల్లలే రాస్తారు, ముత్యాల్లా రాస్తారు. తీరా అవతలి సాక్షి బోనెక్కేసరికి సీనియర్ గారు, "క్రాస్ నేను చూసుకుంటాలేమ్మా, నువ్వు నోట్సు రాసుకో" అంటారు. ఆయనకి వేరే కోర్టులో పని పడితే ఆ ఫైలు మగ జూనియర్ చేతికి పోతుంది. అఫిడవిట్ రాసిన పిల్ల వెనక బెంచీలో కూర్చుని, తన కేసు ఇంకొకడు నడుపుతుంటే చూస్తుంది. ఇలా నాలుగైదేళ్లు గడిస్తే ఆ అమ్మాయికి క్రాస్ ఎలా వస్తుంది? రాకపోతే పార్టీ ఎందుకొస్తాడు? చివరికి మెయింటెనెన్స్ కేసులు, గృహహింస కేసులు మిగుల్తాయి. అవి చిన్న కేసులని నేననను. కానీ హత్య కేసు, ఆస్తి పంపకాల దావా ఎప్పుడూ తన గుమ్మం తొక్కకపోతే మాత్రం అది ఆ అమ్మాయి ఎంచుకున్న దారి కాదు.

ఇందులో చెడ్డవాళ్లెవరూ కనపడరు. అదీ నా తలనొప్పి. మొహాన అవమానిస్తే తిరగబడొచ్చు. ఇక్కడ అంతా జాలి, మర్యాద. "పాపం, చీకటి పడింది, బస్సు దొరకదు, నువ్వెళ్లమ్మా." "ఆ ఇన్‌స్పెక్టర్ మొరటోడు, నీకెందుకమ్మా." ఇంకొకటుంది. "ఎలాగూ జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి పోతుంది, లేకపోతే పెళ్లి చేసుకుని పోతుంది, నేర్పి ఏం లాభం" అని. అదే పరీక్షకి పక్క కుర్రాడు కూడా చదువుతుంటాడు. వాడికి నేర్పడం మాత్రం ఎవరికీ నష్టంగా తోచదు!

అందుకని శనివారం మధ్యాహ్నాలు మా ఇంటి హాల్లో కుర్చీలు వెనక్కి జరిపేసి కోర్టు పెడుతున్నాను. టెక్కలి, నరసన్నపేట, ఆమదాలవలస నుంచి పిల్లలొస్తున్నారు, ఇచ్ఛాపురం నుంచి ఒక అమ్మాయి పొద్దున్నే బయల్దేరి వస్తోంది. "ధైర్యంగా ఉండండి, ఆత్మవిశ్వాసం పెంచుకోండి" లాంటి ఉపన్యాసాలు నా దగ్గర ఉండవు. మహిళా దినోత్సవానికి శాలువాలు కప్పి అవి ఎలాగూ చెప్తారు. నా దగ్గర పాత ఫైళ్లున్నాయి. పేర్లు, ఊళ్లు కొట్టేసి జిరాక్సులు తీయించాను. ఒకరు సాక్షి, ఒకరు వాది లాయరు, ఒకరు ప్రతివాది లాయరు, జడ్జిగా బెంచ్ మీద నేను.

నేర్పే పద్ధతి మాత్రం అరువు తెచ్చుకున్నదే. ఆస్ట్రేలియాలో జార్జ్ హాంపెల్ అని బారిస్టర్‌గా ఉండి తర్వాత జడ్జి అయిన ఆయన పద్ధతి. ఇంగ్లండ్‌లో బారిస్టర్లకి కూడా అలాగే నేర్పుతారు. జూనియర్ క్రాస్ చేశాక పది తప్పులు ఏకరువు పెట్టకూడదు, ఒక్కటి తీసుకోవాలి. దానికో పేరు పెట్టాలి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే మాట పొల్లుపోకుండా తిరిగి చదివి వినిపించాలి. అదెందుకు దెబ్బతీస్తుందో, ఎలా మార్చుకోవాలో చెప్పాలి. మనం చేసి చూపించాలి. వెంటనే మళ్లీ ఆ అమ్మాయి చేత చేయించాలి. అంతే.

ఈ పద్ధతి మొదలుపెట్టాకే నాకో సంగతి తట్టింది. మన సీనియర్లు మగ జూనియర్ని నలుగురిలో తిడతారు. "ఏరా, ఎందుకు అనే ప్రశ్న క్రాస్‌లో అడుగుతావా, సాక్షికి మైకిచ్చి కూర్చోబెట్టావు కదరా" అని. వాడు ఆ రాత్రి నిద్రపోడు, కానీ జన్మలో మళ్లీ అడగడు. అదే పొరపాటు అమ్మాయి చేస్తే "బాగా చేశావమ్మా, ఫస్ట్ టైమ్ కదా" అంటారు. ఏడుస్తుందేమోనని భయం! ఆ మెచ్చుకోలుతో పిల్ల అక్కడే ఆగిపోతుంది. తిట్టమని నేననను, ఎవర్నీ తిట్టక్కర్లేదు. తప్పు చెప్పకపోవడం మాత్రం ఆ పిల్లకి అన్యాయం చెయ్యడమే.

మొన్నటి ఫైలు కొట్లాట కేసు. సాక్షి కోర్టులో "టార్చి లైటు వెలుగులో ముద్దాయిని చూశాను" అన్నాడు. పోలీసుల దగ్గర ఇచ్చిన వాంగ్మూలంలో టార్చి ఊసే లేదు. మన పిల్లలంతా ఏం చేస్తారో తెలుసా? "మీరు పోలీసులకి టార్చి సంగతి చెప్పలేదంటాను" అని అడిగి, "అది వాస్తవం కాదు" అనిపించుకుని, యుద్ధం గెలిచినట్టు కూర్చుంటారు. సగం పనే అయింది. దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "ఈ సాక్షి మీ దగ్గర టార్చి మాట చెప్పలేదు కదా" అని అడిగి అవుననిపిస్తేనే అది రుజువైనట్టు. ఆ రోజుకి వాయిదాలు మారి, ఫైలు మారి, ఆ ప్రశ్న ఎవరూ అడగరు. చెప్పకుండా వదిలేసిన ప్రతి చిన్న మాటా వైరుధ్యం కాదని, కేసుకి ముఖ్యమైనదై ఉండాలని కూడా చెప్పాను. దీని మీద 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివించాను. ఇక 2024 జులై 1 నుంచి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి కదా, పాత ఎవిడెన్స్ యాక్ట్ 145 ఇప్పుడు కొత్త చట్టం భారతీయ సాక్ష్య అధినియంలో 148. విచిత్రం ఏమిటంటే ఆ మార్పు ఈ పిల్లలకి కలిసొచ్చింది. పాత నంబర్లు నోటికొచ్చిన పెద్దవాళ్లు తడుముకుంటుంటే వీళ్లు టకటకా చెప్తున్నారు.

ఇప్పుడు నీకు నచ్చే భాగం. రెండో రౌండులో నేను బెంచ్ దిగి అవతలి లాయర్ని అవుతాను. చెత్త లాయర్ని. పిల్ల ప్రశ్న సగంలో ఉండగా "ఏంటమ్మా ఆ ప్రశ్న" అంటాను, జడ్జిని చూసి నవ్వుతాను, "కొంచెం గొంతు తగ్గించమ్మా, చెవులు నొప్పెడుతున్నాయి" అంటాను. ఇవేవీ నేను కల్పించినవి కావు. రకరకాల కోర్టుల్లో నేనో, నువ్వో, ఈ పిల్లలో విన్నవే. మెల్లగా అడిగితే వినపడలేదంటారు, గట్టిగా అడిగితే గయ్యాళి అంటారు. గొంతు లావు చేసుకోమని నేను చెప్పను. ప్రశ్న చిన్నది చెయ్యి, ఒక ప్రశ్నలో ఒకే సంగతి పెట్టు, చివర ఆగు, అంతే చెప్తాను. నలుగురి నోటా నలిగే గొంతు సంగతి అక్కడితో సగం తీరుతుంది.

వెక్కిరింతకి జవాబు చెప్పకూడదన్నది మా హాల్లో రూలు. అతని వైపు తిరగనే కూడదు. బెంచ్ వైపు చూసి, "నా ప్రశ్నకి అభ్యంతరం ఉంటే కారణం చెప్పి రికార్డు చేయించమనండి యువరానర్" అనాలి. తర్వాత అదే ప్రశ్న, అవే మాటల్లో మళ్లీ అడగాలి. సివిల్ కోర్టులో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 11 ఉండనే ఉంది. అభ్యంతరం చెప్పినా జడ్జి ప్రశ్నని అనుమతిస్తే, ప్రశ్న, జవాబు, అభ్యంతరం, అది చెప్పిన మనిషి పేరు, కోర్టు నిర్ణయం, అన్నీ రాయాలి. రూల్ 10 కింద ముఖ్యమైన ప్రశ్నని, జవాబుని ఉన్నదున్నట్టు రాయమని అడగొచ్చు. తన పేరు కాగితం మీదికెక్కుతుందనేసరికి ఎంత నోరున్న పెద్దమనిషైనా సర్దుకుంటాడు. ఈ రూళ్లు మనకి కాలేజీలో చెప్పారు, వీటిని ఇందుకు కూడా వాడుకోవచ్చని ఎవరు చెప్పారు?

జడ్జి గారే "ఎమోషనల్ అవ్వకమ్మా" అంటే ఏం చెయ్యాలని అడిగింది ఒక పిల్ల. అది కష్టమైన ప్రశ్నే. ఆడవాళ్లు ఉద్వేగంతో ఆలోచిస్తారు, తర్కం ఉండదు అనేది పాతబడ్డ మూస అభిప్రాయమని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకంలోనే రాశారు. కానీ ఆ పుస్తకం పట్టుకెళ్లి ఆ జడ్జి గారి మొహాన పెడితే పార్టీ మునుగుతాడు. "నా తర్వాతి ప్రశ్న యువరానర్" అని ముందుకు పొమ్మన్నాను. ఈ జవాబు నీకు నచ్చదని తెలుసు. పోట్లాట మొత్తం ఆ అమ్మాయి ఒక్కతే, అదీ పార్టీ ఖర్చుతో చెయ్యాలా? బార్ అసోసియేషన్‌లో మాట్లాడాల్సినవి అక్కడ మనం మాట్లాడదాం, మనకి వయసొచ్చింది కదా.

ఇంకో తమాషా. పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, అదే పోక్సో కేసుల్లో, ముద్దాయి తరఫు సీనియర్లు ఉన్నట్టుండి ఆడ జూనియర్లని ముందుకి తోస్తారు. "ఆడపిల్ల అడిగితే బాగుంటుంది" అని. అప్పుడు మాత్రం బస్సు గుర్తుకురాదు, చీకటి గుర్తుకురాదు. కేసు ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, ముద్దాయికీ లాయరుండాలి. కానీ ఆ బిడ్డని నేరుగా అడగకూడదని, ప్రశ్నలు స్పెషల్ కోర్టుకి ఇస్తే కోర్టే అడుగుతుందని సెక్షన్ 33 చెప్తోంది. ఆ సెక్షన్ చదవకుండా బోను ముందుకెళ్లొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

మందస వైపు పిల్ల ఒకతి ఉంది. కోర్టులో పుస్తకం భాష మాట్లాడాలని నానా అవస్థ పడేది. సాక్షి వేషం వేసిన అమ్మాయి కావాలని మన పల్లె మాటల్లోకి దిగి "నానేటీ సూడ్నేదమ్మా" అని బిగుసుకుంది. ఈ పిల్ల ఒక్క క్షణం చూసి, "అయితే ఆ యేల నువ్వెక్కడున్నావు?" అంది. తర్వాత పది నిమిషాలు ఆ సాక్షి ఊపిరి తీసుకోలేదు! ఊళ్లోవాళ్లని ఊరి మాటల్లో అడగడం మన జిల్లాలో పెద్ద బలమే, దాన్ని దాచుకోవడం నేర్పింది ఎవరో గానీ.

ఈ మధ్య వీళ్లకి పాత కథలు కూడా చెప్తున్నాను. రెజీనా గుహ 1916లో కలకత్తా హైకోర్టులో, సుధాంశుబాల హజ్రా 1921లో పట్నాలో ప్లీడరుగా చేరబోతే ఆడవాళ్లన్న కారణంతోనే కాదన్నారు, 1923లో చట్టం తెచ్చాక గానీ దేశమంతటా తలుపులు తెరుచుకోలేదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి మహిళా జడ్జిగా 1978లో అమరేశ్వరి గారు వచ్చారంటే ఒక్కరికీ తెలియదు. 2021లో సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌గా ఉన్న మన ఎన్.వి. రమణ గారు దేశంలో లాయర్లలో ఆడవాళ్లు 15 శాతమే అన్నారు. దాదాపు 22 శాతం కోర్టుల్లో ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్లు లేవనీ అన్నారు. దానికి పిల్లలెవరూ ఆశ్చర్యపోలేదు. సాక్షి విచారణ ఉన్న రోజు పొద్దుట్నుంచి "మేం నీళ్లే తాగం" అని చెప్పారు. గొంతెండిపోయి క్రాస్ చేస్తూ గొంతు సన్నగా వస్తోందని మాటలు పడాలి, చూశావా?

సీనియర్లలో ఒకాయన మారారు కూడా. ఈ గుంపులోని తన జూనియర్‌కి ప్రోనోట్ దావాలో సంతకం సాక్షిని అప్పజెప్పి, తను వెనక కూర్చున్నారట. మధ్యలో రెండుసార్లు లేవబోయి మళ్లీ కూర్చున్నారని పిల్ల నవ్వుతూ చెప్పింది. బయటికొచ్చాక "నాలుగో ప్రశ్న అనవసరం" అన్నారట. నాకు ఎంత సంతోషమైందో! "బాగా చేశావమ్మా" అనలేదు చూడు.

సరే, అసలు పని. వచ్చే నెలలో ఒక శనివారం నువ్వు రావాలి. నా ఎత్తులన్నీ వీళ్లకి తెలిసిపోయాయి, నేను నోరు తెరవకముందే "రికార్డు చేయించండి" అంటున్నారు. అలవాటు లేని మనిషి కావాలి, నీ అంత చెత్తగా అడ్డుపడే లాయరు ఈ మూడు జిల్లాల్లో దొరకదు (పొగడ్తే). పొద్దున రైలెక్కితే ఆమదాలవలసలో దిగు, నేనొస్తాను. బస్సైతే కాంప్లెక్స్‌లో దిగి ఫోన్ చెయ్యి. వచ్చేముందు సివిల్ ఫైలొకటి పంపు, వీలునామా వివాదమైతే మరీ మంచిది, మా దగ్గర అలాంటిది లేదు. పేర్లు నల్ల ఇంకుతో కొట్టేసి పంపు, పోయినసారి పెన్సిల్‌తో కొట్టావు, అన్నీ చదవొచ్చాయి.

నీ
రమ