పోయిన చలికాలం మా దగ్గర హమ్మింగ్‌బర్డ్ ప్రింట్లు కొన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి

అందరికీ నమస్తే అండీ. ఎడిన్‌బరా నుంచి పాత ప్రింట్లు పంపించే మీ చిన్న షాప్ నుంచే రాస్తున్నా, ఈసారి కొత్త స్టాక్ గురించి మాత్రం కాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నేను అమ్మిన, జార్డిన్ అనే ఆయన పాత పుస్తకంలోని హమ్మింగ్‌బర్డ్ పిట్టల ప్రింట్లలో 14 ప్రింట్లకి "రంగు మొత్తం అప్పటిదే, 1833" అని రాసి పెట్టాను. పిట్టల వరకు అది నిజమే. కానీ పక్కనున్న పూలకీ ఆకులకీ ఉన్న రంగు అప్పటిది కాదు, చాలా ఏళ్ల తర్వాత ఎవరో వేసింది, నేను సరిగ్గా చూసుకోకుండా అమ్మేశాను, తప్పు నాదే.

నాకెలా తెలిసిందంటే, హైదరాబాద్‌లో ఒక ఆంటీ మెసేజ్ పెట్టారు. "అమ్మా, నా పిట్ట పక్కన పువ్వు ఎర్రగా ఉంది, పాత ప్రకృతి పుస్తకాలు ఆన్‌లైన్‌లో పెట్టే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ స్కాన్‌లో అదే బొమ్మ చూశా, అక్కడ పువ్వుకి అసలు రంగే లేదు, ఎందుకని?" అని. చేత్తో వేసిన రంగులు కదా, ఒక కాపీకీ ఇంకో కాపీకీ తేడా ఉంటుందిలెండి అని చెప్పబోయి ఆగాను, ఎందుకంటే నాకూ లోపల ఏదో గుచ్చుకుంది. వేలంలో 20 ప్రింట్ల లాట్ కొన్నాను, అందులో 6 ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఆ రాత్రే వాటిని కిటికీ పక్కన టేబుల్ మీద పరిచి టార్చ్ పక్కనుంచి వేసి చూశాను.

పిట్ట గొంతు మీద తళుక్కుమంది. అది గమ్ అరబిక్, అంటే తుమ్మజిగురు లాంటిదే, అప్పట్లో ఈకల మెరుపు కోసం రంగు మీద పూసేవాళ్లు. పువ్వు మీద ఏ మెరుపూ లేదు, మొద్దుగా ఉంది. తిప్పి చూస్తే పువ్వు ఉన్నచోట కాగితం వెనక్కి రంగు ఊరింది, పిట్ట ఉన్నచోట ఊరలేదు. కాగితం తయారుచేసేటప్పుడు పట్టించే జిగురు కాలం గడిచేకొద్దీ బలం పోతుంది, అప్పుడు దాని మీద కొత్తగా రంగు వేస్తే అద్దుడు కాగితంలా పీల్చేసుకుంటుంది. అయినా ఇంకా అనుమానమే. చివరికి నాలుగో ప్రింట్‌లో రుజువు దొరికింది, ఒక మూల చిరిగితే ఎవరో పల్చటి జపాన్ కాగితంతో అతికారు, ఆ అతుకు మీదుగా కూడా ఎరుపు రంగు వేసి ఉంది. అతుకు వేసిన తర్వాత వేసిన రంగు 1833 నాటిది ఎలా అవుతుందండీ!

ఇక్కడ కొంచెం కథ చెప్పాలి. సర్ విలియం జార్డిన్ 'నేచురలిస్ట్స్ లైబ్రరీ' అని 1833 నుంచి 1843 దాకా 40 సంపుటాలు తెచ్చాడు, మొదలుపెట్టిందే హమ్మింగ్‌బర్డ్‌లతో. అచ్చు కోసం లోహపు రేకుల (ప్లేట్ల) మీద బొమ్మలు చెక్కింది ఆయన బావమరిది విలియం హోమ్ లిజార్స్, ఇదే ఊళ్లో, సెయింట్ జేమ్స్ స్క్వేర్ 3వ నంబర్‌లో. ఆ స్క్వేర్ ఇప్పుడు లేదు, కూలగొట్టేశారు, ఆ జాగాలో పెద్ద షాపింగ్ సెంటర్ ఉంది, మా ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరమే, నేను కూరగాయలకి వెళ్లేటప్పుడల్లా అటు చూస్తూ పోతాను. సంపుటం ధర 6 షిల్లింగులు, మామూలు జనం కొనుక్కోవాలని పెట్టిన ధర. అంత తక్కువలో ప్రతి ఆకుకీ రంగు వేయించడం కుదరదు కాబట్టి చాలా ప్లేట్లలో పిట్టకి మాత్రమే రంగు వేసి, వెనకదంతా నల్ల గీతలుగానే వదిలేశారని నా లెక్క. రంగులు వేసింది కూలికి పనిచేసేవాళ్లు, ముందొక నమూనా పెట్టుకుని వరసగా వందల కాపీలు వేసేవాళ్లు. ఇదే లిజార్స్ దగ్గర 1827లో రంగులవాళ్లు పని ఆపేస్తే ఆడుబాన్ తన పెద్ద పక్షుల పుస్తకాన్ని లండన్ తీసుకెళ్లి హేవెల్ అనే ఇంకో చెక్కేవాడికి ఇచ్చాడు, అప్పటికి లిజార్స్ చెక్కినవి పదే పది ప్లేట్లు. పిట్ట మీద ఒకళ్ల చేయి, పువ్వు మీద నూరేళ్ల తర్వాత ఇంకొకళ్ల చేయి ఉంటే అది కొనేవాళ్లకి ముందే తెలియాలి. నాకు బాధ అక్కడే.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక్కోటి 38 పౌండ్లకి అమ్మాను, నిజం తెలిసుంటే 15 పెట్టేదాన్ని. మీకు ఆ ప్రింట్ వద్దనిపిస్తే వెనక్కి పంపండి, 38 మొత్తం ఇస్తాను, రెండు వైపులా పోస్టేజ్ నాదే. పిట్ట నచ్చింది, ఉంచుకుంటాం అంటే 23 పౌండ్లు వెనక్కి వేస్తాను, నిజం రాసిన కొత్త కాగితం కూడా పంపిస్తాను. 14 మందికీ విడిగా మెయిల్ పెట్టాను, ఐదుగురు ఇంకా చూడలేదు, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నా. అందరూ పంపేస్తే 532 పౌండ్లు, మాకది చిన్న మొత్తం కాదు, అందుకని ఈ వేసవిలో కొత్త లాట్‌లు కొనట్లేదు, ఆర్డర్లు కొంచెం ఆలస్యం అవుతాయి, ఓపిక పట్టండి.

చాలామంది అడిగేది ఇంకొకటి, ఇవి మన తేనెపిట్టలేనా అని. కాదండీ, మన తేనెపిట్టలు వేరే కుటుంబం, హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. ఈ బొమ్మలకి ఆధారం ఎక్కువగా ఎండిన చర్మాలే, అందుకే కొన్ని బిగుసుకుపోయినట్టు కూర్చుంటాయి. వీటి మీద పెద్ద పుస్తకం వేసిన జాన్ గౌల్డ్ కూడా ప్రాణంతో ఉన్నదాన్ని మొదటిసారి చూసింది 1857లో ఫిలడెల్ఫియాలో, అప్పటికే పుస్తకం సగం పైన అచ్చయింది. ఆయనవి లిథోగ్రాఫ్‌లు, అంటే రాతి మీద గీసి అచ్చు వేసినవి, బంగారు రేకు వాడినవి, నా బడ్జెట్‌కి అందనివి.

రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రవేత్త పుస్తకం 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' నుంచి మోదుగ ప్లేట్ ఒకటి నా దగ్గరుంది, ఆ పుస్తకానికి మన సామర్లకోటలో అక్కడి చిత్రకారులే బొమ్మలు వేశారు, మొక్కల తెలుగు పేర్లు కూడా రాశారు. ముగ్గురు దానికోసం అడిగారు. దాన్ని కూడా ఇలాగే వెనకా ముందూ పరీక్షించి గానీ ధర చెప్పను, దయచేసి తొందరపెట్టొద్దు.

మీ ప్రింట్ ఆ 14లో ఉందో లేదో అనుమానంగా ఉంటే ఫోటోలు పంపండి. ఫ్లాష్ వద్దు, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి తీయండి. ఫ్రేమ్ కట్టించి ఉంటే మీరు విప్పకండి, ఫ్రేమ్ షాప్ అతనితోనే విప్పించండి, ఆ ఖర్చు కూడా నాకే పంపండి.