చేనేత సంఘాల పాత రిజిస్టర్లను తూకానికి పోనివ్వకండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీ శాఖ కింద ఉన్న ప్రాథమిక చేనేత సహకార సంఘాల్లో మూతపడినవి, పేరుకి మాత్రమే మిగిలినవి చాలా ఉన్నాయి. వాటి ఆఫీసు గదుల్లో, అద్దె ఇళ్ళ అటకల మీద, పాత కార్యదర్శుల ఇళ్ళలో సభ్యత్వ రిజిస్టర్లు, నూలు పద్దులు, మజూరీ (నేత కూలి) లెడ్జర్లు పడి ఉన్నాయి. సంఘం లిక్విడేషన్‌కి వెళ్ళిందంటే అప్పులెంత, ఆస్తులెంత అని లెక్క తీస్తారు. స్థలం, మగ్గాలు, బీరువా వేలానికి వస్తాయి. బీరువాలోని కాగితాలను మాత్రం ఎవరూ ఆస్తి కింద లెక్కవేయరు. వాటిని పాత పేపర్లు కొనేవాళ్ళు తూకం వేసి పట్టుకుపోతారు. ఇది ఆపమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నేత కుటుంబంలో పుట్టినదాన్ని. మా వాళ్ళు ఎక్కడివాళ్ళు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఎవరికి బట్ట నేశారు అన్నది వెతుకుతూ వస్తున్నాను. తద్దినం రోజున చెప్పే మూడు తరాల పేర్లు మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు పైన ఒక్క పేరూ తెలియదు. ఇంజరం ఫ్యాక్టరీకి, అంటే అక్కడ ఈస్టిండియా కంపెనీ బట్ట కొనే కేంద్రానికి, నేసేవాళ్ళమని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట నిజమో కాదో తేల్చే కాగితం మా ఇంట్లో లేదు. మా తాతగారు సభ్యుడిగా ఉన్న సంఘంలో దొరుకుతుందేమోనని వెళ్తే, సంఘం ఎత్తేసినప్పుడే పుస్తకాలన్నీ అమ్మేశారని చెప్పారు. అమ్మినవాళ్ళని నేను తప్పు పట్టను. దాచమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, దాచడానికి చోటూ లేదు.

పక్క ఊరి సంఘంలో మాత్రం కొన్ని మిగిలాయి. అందులో ఒక నూలు పద్దు పుస్తకాన్ని దగ్గర కూర్చుని చదివాను. అంచులు చెదలు తినేశాయి, సిరా గోధుమ రంగుకి తిరిగింది. ఒక్కో సభ్యుడికి ఒక పేజీ. సభ్యుడి పేరు, తండ్రి పేరు, మగ్గం నంబరు. కింద గళ్ళలో తేదీ, ఇచ్చిన నూలు నంబరు (అంటే సన్నం), చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని, తిరిగొచ్చిన బట్ట ఎన్ని గజాలు, మజూరీ ఎంత, నేతలో లోపానికి కోసింది ఎంత. చివరి గడిలో సంతకమో వేలిముద్రో. ఒక పేజీలో ఏళ్ళ తరబడి ఒకే మగ్గం నంబరు ఉంది. ఉన్నట్టుండి అదే ఇంటికి రెండో మగ్గం నంబరు వచ్చింది, నూలు ఇంచుమించు రెట్టింపయింది. ఇంకొన్ని పేజీల తర్వాత ఆ రెండో మగ్గం కొడుకు పేరు మీదికి మారింది. జామీను గడిలో తండ్రి వేలిముద్ర, పక్కనే కొడుకు వంకరటింకర సంతకం. ఒక కుర్రవాడు పని నేర్చుకుని, సొంతంగా మగ్గం మీద కూర్చుని, సంఘంలో సభ్యుడైన వరస అంతా ఆ గళ్ళలో ఉంది. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి తరం ఏదో కూడా ఆ రెండు గుర్తులే చెబుతున్నాయి.

మన దగ్గర నేతపని నేర్చుకోవడానికి ఒప్పందాలు రాసుకునే అలవాటు లేదు. పిల్లలు ముందు కండెలు చుడతారు. వేళ్ళు కాస్త చురుగ్గా ఆడుతుంటే అచ్చు అతకడానికి, అంటే పాత పడుగు పోగులకి కొత్తవి ముడివేయడానికి, పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెడతారు. గంజి పెట్టేటప్పుడు పడుగు (నిలువు పోగులు) పట్టుకోమంటారు. తండ్రి భోజనానికి లేచినప్పుడు మగ్గం గుంటలో దిగి, అడ్డపోగు తీసుకెళ్ళే నాడె ఆడించి చూస్తారు. ఏ రోజుకి పని వచ్చేసిందో ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి ఆ వరస కాగితం మీద దొరికేది నూలు పద్దులోనే. సంఘం పుస్తకం పోతే ఆ కుటుంబం పని నేర్చిన చరిత్ర మొత్తం పోయినట్టే.

ఇంగ్లండు సంగతి చూడండి. అక్కడ 1710లో అప్రెంటిస్ ఒప్పందాల మీద పన్ను వేశారు. కుర్రవాడిని పనిలో పెట్టుకునేటప్పుడు గురువు పుచ్చుకున్న సొమ్ములో 50 పౌన్ల దాకా పౌనుకి ఆరు పెన్నీలు, ఆ పైన పౌనుకి ఒక షిల్లింగు. గురువు పేరు, ఊరు, వృత్తి, కుర్రవాడి పేరు, మొదటి దశాబ్దాల్లో అయితే తండ్రి పేరు కూడా రిజిస్టరులో ఎక్కించారు. ఆ పన్ను రిజిస్టర్లు 1811 దాకా సాగాయి. వాళ్ళు రాసుకున్నది ఖజానా కోసమే, వంశచరిత్రల కోసం కాదు. అయినా ఆ పుస్తకాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఇవాళ ఒక వడ్రంగి మనవడో, నేతగాడి మనవరాలో పేరు కొట్టి వెతికితే, మూడు వందల ఏళ్ళ కిందట తమ పెద్ద ఎవరి దగ్గర పనికి కుదిరాడో తెలుసుకోవచ్చు.

నన్ను కలచివేసే విషయం ఒకటుంది. అవే ఏళ్ళలో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు మన దేశపు బట్ట వాళ్ళ పొట్ట కొడుతోందని గొడవకి దిగారు. ఆ ఒత్తిడితో బ్రిటిష్ పార్లమెంటు అద్దకపు నూలు బట్ట కట్టుకోవడాన్నే నిషేధిస్తూ 1721లో చట్టం చేసింది. గొడవ చేసినవాళ్ళ వారసులకి తమ పెద్దల పేర్లు దొరుకుతున్నాయి. ఏ బట్టను చూసి వాళ్ళు భయపడ్డారో ఆ బట్ట నేసిన మనవాళ్ళ పేర్లు మనకి దొరకవు.

అసలు రాయలేదా అంటే, రాశారు. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కోఠీ (వర్తక కేంద్రం) పెట్టింది. డచ్చివాళ్ళు అంతకంటే ముందే వచ్చారు. ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో నరసాపురం పక్కన మాధవాయపాలెం, యానాం దగ్గర ఇంజరం కంపెనీ బట్ట కొనే కేంద్రాలయ్యాయి. బట్టను పుంజాల లెక్కన కొనేవారు. పడుగులో 120 పోగులు ఒక పుంజం. పుంజాలు పెరిగేకొద్దీ నేత సన్నం, ధర ఎక్కువ. నేతగాళ్ళకి ముందుగా బయానా ఇచ్చేవారు. బయానా తీరేదాకా వేరే వర్తకుడికి బట్ట అమ్మకూడదు. అమ్మకుండా కాపలాకి బంట్రోతులను కూడా పెట్టేవారు. ఈ వ్యవహారంలో సేనాపతులు అనే కులపెద్దల పేర్లు, బాకీల జాబితాలు, నేతగాళ్ళు పెట్టుకున్న అర్జీలు కంపెనీ కాగితాల్లో ఉన్నాయి. దీనికి తోడు మగ్గాల మీద, చేతివృత్తుల మీద మొహతర్ఫా పన్ను ఉండేది. పన్ను వేయాలంటే ఏ ఊళ్ళో ఎన్ని మగ్గాలున్నాయో లెక్కపెట్టాలి కదా. ఆ లెక్కలూ జిల్లా రికార్డుల్లోకి చేరాయి.

కమ్మరి, వడ్రంగి కుటుంబాలకి ఇంకో దారి ఉంది. 1858లో మొదలైన ఇనాం (మాన్యం భూముల) కమిషన్ గ్రామ సేవలకిచ్చిన భూములను కూడా విచారించి రిజిస్టర్లు రాసింది. దేవాలయ భూముల తగాదా వస్తే ఇప్పటికీ మన అధికారులు ఆ రిజిస్టర్లే తెరుస్తారు. వృత్తి కుటుంబాల కోసం వాటిని తెరిచినవాళ్ళు అరుదు.

1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చేసింది. ఎన్నో కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళారు. తర్వాత 1860 నుంచి 1911 దాకా మద్రాసు ఓడల్లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి కూలికి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు వేల మంది. విచిత్రం ఏమిటంటే, ఓడ ఎక్కినవాళ్ళ వివరాలు చక్కగా నిలిచాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఠాణా, జిల్లా, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా అన్నీ ఆ జాబితాల్లో ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఒక తెలుగు కుర్రవాడు తన ముత్తాతల ఊరి పేరు చూసి శ్రీకాకుళమో విశాఖపట్నమో వెతుక్కుంటూ రాగలుగుతున్నాడు. ఇక్కడే ఉండి మగ్గం నేసుకున్న కుటుంబానికి ఆ ఆధారం లేదు.

కాగితాల్లోకి ఎక్కనిదాన్ని మోసినవాళ్ళు కొందరున్నారు. తెలంగాణలో పద్మశాలీల ఊళ్ళకి కూనపులివారు బొమ్మల పటం తీసుకొచ్చి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. విశ్వబ్రాహ్మణులకి రుంజవారు రుంజ అనే వాద్యం వాయిస్తూ విశ్వకర్మ పురాణం చెబుతారు. ఏ ఊరు ఎవరి వంతు అన్న హక్కులు వాళ్ళలో తరతరాలుగా నడిచాయి. ఏ ఊళ్ళో ఏ ఇంటిపేర్లున్నాయి, గోత్రాలేమిటి, ఎవరు ఎక్కడికి వలస పోయారు అన్నవి వాళ్ళకి కంఠతా. ఆ పెద్దలు వెళ్ళిపోతున్నారు. పొరుగు రాష్ట్రంతో కలిసి వాళ్ళ మాటలు రికార్డు చేయించండి. మహారాష్ట్రలోని షోలాపూర్, భివండి వెళ్ళిన మన నేత కుటుంబాల జాడ కూడా అందులో దొరుకుతుంది.

మంత్రి గారూ, ఇది పాత ముచ్చట్ల మీద మోజుతో అడుగుతున్నది కాదు. 1999 చట్టం కింద భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాలంటే ఆ సరుకు ఆ ప్రాంతానిదేనని చారిత్రక ఆధారాలు చూపాలి. ఉప్పాడ జమ్దానీకి 2009లో ఆ గుర్తింపు వచ్చింది. ఇంకా రానివి మన దగ్గర ఎన్నో నేతలున్నాయి. వాటికి ఆధారం చూపాల్సి వస్తే ఏం చూపిస్తాం? ఫలానా ఊళ్ళో ఫలానా నంబరు నూలుతో ఫలానా రకం నేశారని ఏళ్ళ వారీగా చెప్పేది సంఘం పుస్తకమే. పవర్‌లూమ్ బట్టను చేనేత పేరుతో అమ్ముతుంటే, మాది తరాల నేత అని నిలబడి చెప్పడానికి ఆ కుటుంబం చేతిలో ఒక కాగితం ఉండాలి.

లండన్ నుంచో, డచ్చివాళ్ళ కాగితాలున్న హేగ్ నుంచో రికార్డులు తెప్పించడం ఒక్క రోజులో అయ్యే పని కాదని తెలుసు. కంపెనీ తొలినాటి కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కోస్తా జిల్లాల రికార్డులు ఉమ్మడి రాష్ట్ర కాలంలో హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌కి చేరాయి. వాటికి నకళ్ళు తీయించాలి. నేతగాళ్ళు, కులపెద్దలు, ఊళ్ళ పేర్లతో తెలుగులో సూచిక తయారు చేయించాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలతో కలిస్తే ఆ పని చేయగల పిల్లలు దొరుకుతారు. అది నెమ్మదిగానే జరగనివ్వండి.

సంఘాల రిజిస్టర్లు మాత్రం ఆగవు. 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘం ఏర్పడిన కాలం నుంచి, 1976లో ఆప్కో (రాష్ట్ర చేనేత సహకార సంఘం) వచ్చాక కూడా మన ఊళ్ళలో రాసిన ఈ పుస్తకాలకి రెండో ప్రతి లేదు. ఇవి మీ శాఖ చేతిలోనే ఉన్నాయి. సంఘం రద్దయినా, విలీనమైనా, పాత రికార్డులను జిల్లా చేనేత, జౌళి శాఖ కార్యాలయానికి అప్పగించి రసీదు తీసుకోవాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆర్కైవ్స్ వాళ్ళు చూసి సరేననే దాకా ఏ సభ్యత్వ రిజిస్టరునీ, నూలు పద్దునీ, మజూరీ లెడ్జరునీ అమ్మకూడదని, తగలబెట్టకూడదని అందులో రాయించండి. స్కానింగ్ తర్వాత చూసుకోవచ్చు, ముందు పుస్తకం తడవని గదిలోకి చేరాలి. బాకీలు, ఆధార్ నంబర్లు ఉన్న ఇటీవలి పేజీలను అందరికీ చూపించనక్కర్లేదు. పాతవాటిని మాత్రం ఆ కుటుంబాలవాళ్ళు వచ్చి అడిగితే చూసుకోనివ్వాలి.

నేను చదివిన ఆ నూలు పద్దు ఇంకా పక్క ఊరి సంఘం గదిలోనే ఉంది, గది పైకప్పు కారుతోంది. పాలకవర్గం పెద్దలు దాన్ని అప్పగించడానికి సిద్ధంగా ఉన్నారు. ఎవరికి అప్పగించాలని వాళ్ళు అడుగుతున్నారు. వానలు మొదలయ్యేలోపు వాళ్ళకి మీ శాఖ నుంచి జవాబు రావాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
కాకినాడ జిల్లా నుంచి ఒక నేతకారుల ఆడపడుచు