ఊరి నీటి లెక్క ఊరివాళ్లు చూసుకోగలగాలి

సంపాదకుడికి,

నమస్కారం. రబీ మొదలయ్యే ముందు ప్రతి ఏడూ మా అనంతపురం జిల్లా పల్లెల్లో ఒకటే చర్చ నడుస్తుంది: ఉన్న నీళ్లకు ఏ పంట వేస్తే గట్టెక్కుతాం? ఆ చర్చకు కావలసిన అంకెలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఫీజోమీటర్లలో, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లలో, భూగర్భ జలమట్టం నమోదవుతోంది. వానలు మిల్లీమీటర్లతో సహా రికార్డుకు ఎక్కుతున్నాయి. ఏ సర్వే నంబర్లో ఏ పంట ఉందో ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంటల నమోదులో రాస్తున్నారు. ప్రోగ్రామింగ్ రాని మనిషి ఈ అంకెలను తనకు కావలసినట్టు పక్కపక్కన పెట్టి చూసి, తన ప్రశ్నకు జవాబు రాబట్టుకునే సాధనమే కరవైంది. దాన్ని ఎలా తయారు చేయాలన్నది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. పంట వేసే ప్రతి కుటుంబానికీ దానితో పని ఉంది. అందుకే ఈ లేఖ.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పదో తరగతికి సాంఖ్యక శాస్త్రం చెప్పేటప్పుడు, పుస్తకంలో ఉన్న పట్టికల బదులు మా మండలం నీటిమట్టాలే చూపిద్దామని, వాటిని నెలవారీ కడ్డీల బొమ్మగా చూపే ఒక వెబ్‌సైటు తెరిచాను. ఒక పిల్లవాడి తండ్రి ఏదో సర్టిఫికెట్ కోసం బడికి వచ్చి, ఆయనా తెర వైపు చూశాడు. వేరుశనగ రైతు. మే నెల దగ్గర కడ్డీ అన్నిటికంటే ఎత్తుగా ఉంది. "ఎండాకాలంలో నీళ్లు ఇంత పైకి ఎట్లొచ్చినాయి సార్?" అని అడిగాడు. ఆ కడ్డీ చూపించేది నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, నేల నుంచి ఎంత లోతుకు పోయాయన్నది. నీళ్లు దిగేకొద్దీ కడ్డీ పెరుగుతుంది. శాఖలో పనిచేసేవారికి ఇది అలవాటైన పద్ధతే. బావి గట్టున నిలబడి లోపలికి తొంగిచూసే మనిషికి మాత్రం ఆ బొమ్మ తలకిందులు. నేలమట్టాన్ని పైన గీతగా పెట్టి, లోతును అక్కడి నుంచి కిందికి గీసి ఉంటే ఆ రైతుకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

అదే బొమ్మలో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఒక నెల కొలతే తీయలేదు. ఖాళీగా వదలాల్సిన చోట సున్నా గీశారు. లోతు సున్నా అంటే నీళ్లు నేల మీదికి వచ్చేసినట్టు! కింద ఉన్న పట్టిక తెరిచి చూస్తే గానీ ఆ గడి ఖాళీ అని తెలియలేదు. కొలత లేకపోవడానికీ, కొలిస్తే సున్నా రావడానికీ ఉన్న తేడా నా విద్యార్థులకు తెలుసు. లక్షలు పోసి చేయించిన తెరకు తెలియలేదు.

ఇలాంటివి చిన్న లోపాలని తీసిపారేయకూడదు. 2020 అక్టోబరు నాటి సంగతి. ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించారు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. దాదాపు 16 వేల పాజిటివ్ కేసులు సకాలంలో లెక్కకు రాలేదు, ఆ రోగుల్ని కలిసినవారిని వెతకడమూ ఆలస్యమైంది. అక్కడ పనిచేసినవారికి కంప్యూటర్లు కొత్తేమీ కాదు. "నేను పట్టుకోలేకపోయినవి ఇన్ని ఉన్నాయి" అని సాధనం తనంతట తాను చెప్పకపోతే ఎంత చదివినవారైనా బోల్తా పడతారు.

మన దగ్గర డాష్‌బోర్డుల (అంకెలను ఒకే తెర మీద బొమ్మలుగా చూపే పేజీల) పేరుతో వస్తున్నవాటిలో నేను చూసినవి చాలావరకు పై అధికారుల సమీక్ష సమావేశాల కోసం చేసినవే. గుండ్రటి మీటర్లు, జిల్లా సగటు, మండలాల ర్యాంకులు. చెరువు కింద ఉన్న ఊరినీ, మెట్ట మీద ఉన్న ఊరినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ రెండు ఊళ్లలో ఎవరికీ పనికిరాదు. రైతు అడిగేవి వేరే ఉంటాయి. కరవు పడ్డ 2018లో ఈ పాటికి మా ఊళ్లో మట్టం ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడుంది? పక్క ఊళ్లో ఎందుకు దిగలేదు? ఎంత వాన పడితే ఎంత లేస్తోంది? వీటికి జవాబు దొరకాలంటే ఊరి పేరు మీద వేలు పెడితే ఆ ఊరు రావాలి, దాని పక్కకు ఇంకో ఊరిని లాగితే రెండూ ఒకే కొలబద్ద మీద నిలబడాలి. ఇక్కడ ఒకే కొలబద్ద అనే మాట ముఖ్యం. రెండు బొమ్మలకు రెండు స్కేళ్లు పెడితే, పది అడుగులు దిగిన ఊరూ యాభై అడుగులు దిగిన ఊరూ ఒకేలా కనిపిస్తాయి. ఏ చుక్క మీద నొక్కినా అది ఏ బావి, ఏ తేదీన తీసిన కొలత అన్నది బయటపడాలి. తప్పు నొక్కితే ఒక్క అడుగు వెనక్కి వచ్చే వీలుండాలి. ఆ భరోసా లేకపోతే కొత్తవాళ్లు అసలు ముట్టుకోరు. బోరు లోతు అడుగుల్లో, పొలం ఎకరాల్లో చెప్పుకునే చోట మీటర్లు, హెక్టార్లు మాత్రమే చూపించడం వారిని గుమ్మం బయట నిలబెట్టడమే. తెలుగులో ఉండాలని, చిన్న ఫోన్లో, సిగ్నల్ సరిగా అందని చోట కూడా తెరుచుకోవాలని వేరే చెప్పాలా?

ప్రశ్న తెలుగులో అడిగితే కృత్రిమ మేధే జవాబు చెబుతుంది, ఇక బొమ్మలెందుకని ఈ మధ్య కొందరు అంటున్నారు. అడిగే వీలు ఉండటం మంచిదే. కానీ "వరి వేయవచ్చు" అని ఒక వాక్యం వస్తే, అది ఏ అంకెల మీద నిలబడిందో చూపకుండా నమ్మి అప్పు తెచ్చేది ఎవరు? జవాబు పక్కనే బొమ్మ, బొమ్మ వెనకే అసలు రికార్డు ఉండాల్సిందే.

పల్లె జనానికి ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి అనేవారికి మన జిల్లాల చరిత్రే జవాబు. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఏపీఫామ్‌జీఎస్ అనే ప్రాజెక్టు నడిచింది, భూగర్భ జలాల నిర్వహణ రైతులే చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆడా మగా రైతులే వర్షమాపకం దగ్గర కొలత తీశారు. పరిశీలక బావుల్లో మట్టం వాళ్లే చూశారు. బోరు నీటిని డ్రమ్ములోకి పట్టి, ఎంతసేపట్లో నిండిందో గడియారం పెట్టి చూసి, ఎంత పోస్తోందో లెక్కకట్టారు. ఆ అంకెలను ఊరందరికీ కనబడే బోర్డుల మీద రాశారు. రబీకి ముందు ఒక వాగు పరీవాహకంలోని ఊళ్ల వాళ్లంతా కూర్చుని, నేలలో చేరిన నీళ్లెన్ని, అనుకున్న పంటలన్నీ వేస్తే కావలసినవెన్ని అని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. లోటు కనబడ్డాక చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్లు తాగే పంటలకు మళ్లారు. వాళ్లలో ఎవరికీ ప్రోగ్రామింగ్ రాదు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు, అది తమ బావిదని తెలుసు, బోర్డు మీద అందరి ముందూ ఉంది. అందుకే నమ్మారు. ఇప్పుడు ఫోన్లో రావలసింది ఆ బోర్డే.

1979లో వ్యక్తిగత కంప్యూటర్లకు విసికాల్క్ అనే మొదటి స్ప్రెడ్‌షీట్ (గడుల్లో అంకెలు వేస్తే లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) వచ్చాక ఎందరో అకౌంటెంట్లు తమ లెక్కలు తామే కంప్యూటర్లో వేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లేమీ ప్రోగ్రామింగ్ నేర్చుకోలేదు. అడ్డంగా నిలువుగా గడులు గీసిన కాగితం వాళ్లకు ముందే అలవాటు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ దాన్నే తెర మీదికి తెచ్చారు. మారింది సాధనం, మనిషి కాదు.

ఇదంతా ఎవరో దయతలచి చేయాల్సిన పని కాదని కూడా గుర్తుచేయాలి. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 4(4) ప్రకారం ప్రభుత్వ సమాచారాన్ని వ్యాప్తి చేసేటప్పుడు స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతినీ లెక్కలోకి తీసుకోవాలి. స్కాన్ చేసిన ఇంగ్లీషు పీడీఎఫ్‌ను వెబ్‌సైట్లో పెట్టి చేతులు దులుపుకుంటే ఆ సెక్షన్ అమలైనట్టు కాదు. రైతుల పేర్లు, ఆధార్ వివరాలు బయటపెట్టమని నేను అడగడం లేదు, అవి పెట్టకూడదు. బావివారీగా నీటిమట్టం, ఊరివారీగా వాన, పంటల విస్తీర్ణం చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల భూగర్భ జల శాఖలకు, వ్యవసాయ శాఖలకు నా విన్నపం ఇది. ఇకపై ఇలాంటి ఏ సాధనానికి టెండరు పిలిచినా అందులో ఒక షరతు పెట్టండి: చివరి బిల్లు చెల్లించే ముందు దాన్ని ఆంధ్రలో ఒక రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో ఒక రైతు వేదికలో పరీక్షించాలి. ఒక కౌలు రైతు, ఒక పొదుపు సంఘం లీడరు, ఒక సర్పంచి, వ్యవసాయ శాఖ గ్రామస్థాయి ఉద్యోగి ఒకరు కూర్చోవాలి. పక్కనుంచి ఎవరూ అందించకుండా, తమ ఊరి మట్టం నిరుటి కంటే దిగిందా లేచిందా అన్నది వాళ్లంతట వాళ్లు చూసి చెప్పగలగాలి. చెప్పలేకపోతే పని పూర్తి కానట్టే లెక్క. ఆ పరీక్షలో ఎవరెవరు ఎక్కడ తడబడ్డారో, పేర్లు లేకుండా, అదే వెబ్‌సైట్లో తెలుగులో పెట్టండి. వచ్చే రబీకి ముందే ఒక్క మండలంలోనైనా ఇది మొదలుపెట్టవచ్చు. మా మండలంలో పెడితే మా బడిలోని కంప్యూటర్ గదిని ఆదివారాల్లో తెరిచి ఉంచడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా