స్టోరీబోర్డుకు షేడింగ్ కాదు, గీత ముఖ్యం

సంపాదకులకు,

యానిమేషన్ కోర్సుల్లో చేరిన పిల్లలు స్టోరీబోర్డు (సీనును షాటు షాటుగా గళ్లలో గీసే బొమ్మల వరుస) అనగానే ముఖాలకు షేడింగ్ దిద్దుతూ కూర్చుంటున్నారు. ముందు రావాల్సింది అది కాదు. స్కోప్‌కైతే (వెడల్పాటి సినిమా తెర) 2.39:1, టీవీకైతే 16:9 నిష్పత్తిలో గళ్లు గీసి, పుల్లల బొమ్మలతోనే సీనంతా వేయాలి. గడికి రెండు నిమిషాలు చాలు.

ఎక్కువమంది తప్పేది 180 డిగ్రీల గీత దగ్గర. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే, వాళ్లను కలిపే ఊహాగీతకు ఒకే పక్క నుంచి కెమెరా చూడాలి. గీత దాటిందా, కుడివైపు చూస్తున్న మనిషి తర్వాతి షాటులో ఎడమవైపు తిరిగిపోతాడు. ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే ముందుగా పైనుంచి చూసినట్టు చిన్న ప్లాను గీసి, కెమెరా స్థానాలకు నంబర్లు వేయడం తప్పనిసరి చేయాలి. గడి కింద షాటు నిడివీ రాయించాలి. శిక్షణ సంస్థలు మొదటి నెల బొమ్మలు గీసే డిజిటల్ టాబ్లెట్లు పక్కనబెట్టి పెన్సిల్ ఇవ్వాలని మా మనవి.

- స్టోరీబోర్డు కళాకారులు, హైదరాబాద్