అడ్డసరం మొక్కల గురించి మా కస్టమర్లకు

దగ్గు మందుగా పేరున్న అడ్డసరం మొక్కలు మా నర్సరీకి ఎప్పుడొస్తాయని చాలామంది అడుగుతున్నారు. కొమ్మలు నాటాం, చిగుర్లు కూడా వచ్చాయి. కానీ ఇప్పుడే ఇవ్వం. కొమ్మ తనలో దాచుకున్న సత్తువతోనే ముందు చిగురేస్తుంది, వేరు పట్టడం ఆ తర్వాతే. ఆకులు చూసి ముచ్చటపడి తీసుకెళ్తే ఇంటికెళ్లాక వాడిపోతుంది. కవరు అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు కనబడ్డాకే బయటకు పంపుతాం. అంతవరకూ అడ్వాన్సులు కూడా తీసుకోవడం లేదు.

ఉన్న మాట చెప్పాలంటే, ఈ మొక్కతో నర్సరీకి మిగిలేది తక్కువ. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనక్కర్లేదు. ఎరువు అడగదు, పురుగుమందు అడగదు. ఆకు చేదు వల్ల మేకలు కూడా ముట్టవు కాబట్టి కంచె పక్కన ధైర్యంగా పెట్టుకోవచ్చు. తెలిసినవాళ్ల పెరట్లో ఉంటే మా దగ్గర కొనకండి, ఒక కొమ్మ అడిగి తెచ్చుకోండి. మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా, పెన్సిల్ లావున్న కొమ్మను జానెడు పొడవు కోయండి. మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా నాటండి. వానాకాలమైతే పని మరింత సులువు.

"చావదన్నారు, మాది చచ్చింది" అని ఫోన్ చేసినవాళ్లను నేను ముందు అడిగేది నీళ్ల గురించే. రోజూ పోస్తున్నామనే ఎక్కువమంది చెబుతారు. వేరు నిలదొక్కుకున్నాక పైమట్టి ఎండితేనే పోయాలి. కుండీలో అయితే నీళ్లు నిలవకుండా చూడాలి, లేకపోతే ఆకులు పసుపెక్కి వేరు కుళ్లుతుంది. ఎండ బాగా తగిలితే గుబురుగా పెరుగుతుంది, కాస్త నీడైనా ఓర్చుకుంటుంది. వదిలేస్తే మనిషిని మించి పెరుగుతుంది. తెల్లటి పూలు అయిపోయాక మోకాలి ఎత్తుకి కత్తిరించండి. ఆ ఆకును పారేయకుండా మట్టిలో కలిపేస్తే పచ్చిరొట్ట ఎరువవుతుంది.

ఇక పొడి సంగతి. ఎండు ఆకు పొడి అమ్మమని అడుగుతున్నారు. అమ్మం. ఆయుర్వేదంలో వాస అని దగ్గుకు, ఆయాసానికి వాడేది ఈ మొక్కనే. ఆకులో వాసిసిన్ అనే ఆల్కలాయిడ్ (మొక్కలో సహజంగా తయారయ్యే రసాయనం) ఉంది. దగ్గు సిరప్‌లలో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను దాని ఆధారంగానే తయారుచేశారు. అంటే ఇది ఉత్తి ఆకు కాదు, నిజంగా పనిచేసే పదార్థం ఉన్న మందు. అదే వాసిసిన్ గర్భాశయం ముడుచుకునేలా కూడా చేస్తుంది కాబట్టి గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. ఎవరికి ఎంత మోతాదో చెప్పాల్సింది వైద్యులు, మొక్కలమ్మే నేను కాదు. చిన్నపిల్లలకు కషాయం ఎంత పోయాలని నన్ను అడిగితే నాకు టెన్షనే. ఆయాసం ఉన్నా, దగ్గులో రక్తం పడినా పెరటి ఆకుతో కాలక్షేపం చేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మొక్కలు సిద్ధం కాగానే ముందు అడిగినవాళ్లకు ముందు చెబుతాం. ఇంటికి ఒకటే ఇస్తాం. రెండోది మీరే దాని కొమ్మతో పెంచుకోవచ్చు.